కోడలి కుండీకి పట్టిన పురుగు

"నలభై ఏండ్లు టమాటా పండించినోడికి చీటీ రాసిస్తావా మా?" అన్నాడు రెడ్డెప్ప.

కోడలు హరిత వినలేదు. చీటీని ఫ్రిజ్జుకు అతికించింది. మట్టిలో వేలు పెట్టి చూడాలి, తడి తగిలితే నీళ్లు వద్దు. ఎండలో పెట్టొద్దు. ఆకుల మీద దుమ్మును తడిగుడ్డతో తుడవాలి. పేడ ఎరువు వద్దే వద్దు మామా.

కుప్పంలో ఆమెకు పదిహేను రోజుల ట్రైనింగు. మదనపల్లె ఇంట్లో వదిలి వెళ్తున్నది ఒక్క కుండీ. అందులో ఐదాకుల పిల్ల చెట్టు. ఏడాది కిందట బెంగళూరు నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. దాని పేరు పలకడానికి రెడ్డెప్పకు నోరు తిరగదు. కాయ కాయదు, కూరకు రాదు. అయితేనేం, కోడలై వచ్చిన రెండేళ్లలో ఆ పిల్ల మామను ఒక పని అడగడం ఇదే మొదలు.

ఆటో ఎక్కబోతూ హరిత అత్త చెవిలో ఏదో చెప్పింది. హనుమక్క నవ్వి తలూపింది.

నాలుగు రోజులు చెట్టు మారాజులా ఉంది. ఐదో రోజు రెడ్డెప్ప టమాటా మండీ నుంచి వచ్చి చూస్తే పెద్దాకులో బొక్క. చింతగింజంత.

"ఏమే! ఈడ సూడు, పురుగు పట్టింది!"

హనుమక్క గుమ్మం దగ్గర కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది. టైలరు పంపిన చొక్కాలు పక్కన గుట్టగా ఉన్నాయి. తల కూడా ఎత్తలేదు.

"చెట్టున్న తావున పురుగుండదా?"

రెడ్డెప్ప ఆకులు తిరగేశాడు. కాడలు తడిమాడు. మట్టి కెలికాడు. పురుగు లేదు, గుడ్డు లేదు. సబ్బునీళ్లలో వేపనూనె కలిపి కొట్టాడు. ఇల్లంతా వేప కంపు.

మర్నాడు మండీ నుంచి వచ్చేసరికి ఇంకో రెండు బొక్కలు.

ఆ మర్నాడు మండీకే పోలేదు. కుర్చీ వేసుకుని కుండీకి కాపలా కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఒక్క బొక్క పడలేదు.

"నీ మొగం సూసి బెదిరింటాదిలే," అంది హనుమక్క దారం కొరుకుతూ.

భోంచేసి అరగంట కునుకు తీసి లేచాడు. నాలుగోది!

సాయంత్రం కుప్పం నుంచి ఫోను.

"మామా, చెట్టెట్లుండాది?"

"బ్రహ్మాండంగా ఉండాది మా."

"ఆకులు?"

"ఆకులా... నిగనిగలాడతాండాయి. సిగ్నలు లేదు మా, పెట్టేస్తాండా."

వెనక హనుమక్క కిసుక్కుమంది.

"యాల నగతావు? ఈడ నా పరువు పోతాంది!"

"పోనీలే. ఆ పురుగు నీకు దొరకదు."

రెడ్డెప్పకు రోషం వచ్చింది. తెల్లారి పుంగనూరు బస్సెక్కాడు. అక్కడ పురుగుమందుల అంగడి వెంకటరమణప్ప ఆకును చూసి పురుగు పేరు చెప్పగల ఘనుడు. రెడ్డెప్ప ఫోనులోని ఆకు ఫోటోను పెద్దది చేసి చేసి చూశాడు.

"ఇది మామూలు పురుగు గాదప్పా. పురుగు కొరికితే అంచులు రంపం మాదిరి ఉంటాయి. ఇది సూడు, ఎంత నున్నగా ఉండాదో."

"అంటే?"

"బాగా పనితనం తెలిసిన పురుగు. నా కాడ దానికి మందు లేదు."

పదిహేనో రోజు. రెడ్డెప్ప మండీకి పోయి వచ్చేలోపు ఏడోది కూడా పడింది. ఆ వెనకే హరిత ఆటో దిగింది.

రెడ్డెప్ప కుండీకి అడ్డంగా నిలబడ్డాడు.

"మా, నీకు అబద్ధం చెప్పినా. చెట్టుకు పురుగు పట్టింది. ఎంత ఎతికినా దొరకలే. ఎకరాలు ఎకరాలు పండించినోణ్ణి, ఒక్క కుండీ కాపాడలేకపోతిని."

తల వంచుకుని పక్కకు జరిగాడు.

హరిత బ్యాగు కింద పడేసింది.

"మామా! బొక్కలు పడినాయి! బాగా సాకితేనే ఈ చెట్టు ఆకులకు బొక్కలు పడేది. అదే దీని అందం. ఏడాదిగా నేను ఎంత సాకినా ఒక్కటీ పడలే. నువ్వు పదైదు రోజుల్లో ఏడు పడేట్టు చేసినావే! అత్తా, నేనొచ్చేలోపు ఒక్కటన్నా పడితే బాగుండునని నీ చెవిలో చెప్తిని గదా... సూడు మామ చేతి చలవ!"

రెడ్డెప్ప ఛాతీ నిదానంగా పైకి లేచింది. మీసం దువ్వుకున్నాడు.

"నాకు చీటీ రాసిస్తివే మా!"

వంటింట్లో హనుమక్క, కాజాల కత్తెరకు అంటిన ఆకుపసరును చింతపండుతో రుద్ది రుద్ది కడుగుతోంది.