సగం ఫార్ములా

“టైమైపోయింది, పేపరివ్వమ్మా,” అంటూ పరీక్ష పెట్టిన కెమిస్ట్రీ మేష్టారు చెయ్యి చాపాడు.

ల్యాబులో పదేళ్లుగా గాజుసీసాలు కడుగుతున్న ఆమెకు, అసిస్టెంటు ఉద్యోగానికి ఇదే ఆఖరి అవకాశం. పేపరు వదల్లేదు.

“ఒక్క లెక్క తెగడం లేదు సార్. మూలకాల శాతాలు చూసి CH₂O అనే నిష్పత్తి దాకా తెచ్చాను. అసలు ఫార్ములా తేలడం లేదు.”

“అందరూ గ్లూకోజని రాసి వెళ్లిపోయారు కదమ్మా!”

“ఎలా రాశారు సార్?” అంది ఆమె. “వెనిగర్‌లో ఉండే ఆమ్లానికీ ఇదే నిష్పత్తి. అణుభారం తెలియకుండా ఏదని రాయను? అది ప్రశ్నలో ఉండి నాకే కనబడటం లేదా?”

ఆయన ప్రశ్నపత్రం తీసుకుని రెండుసార్లు చదివాడు. అణుభారం ఎక్కడా లేదు. ఆ ప్రశ్న తయారుచేసింది ఆయనే.

“కూర్చోమ్మా,” అన్నాడు చివరికి. “ఇప్పుడు నాతో అన్నదే అక్కడ రాయి. దీనికి జవాబు అదొక్కటే.”