గంటలో గడ్డి

“ఆపు నాయనా, ఆ కెమెరా ఆపు,” అంటూ కాశమ్మ హీరో తుపాకీకి అడ్డం వచ్చింది.

పుల్లలచెరువు దగ్గర నక్సలైట్ల సినిమా తీస్తున్నారు. ఒకప్పుడు అక్కడే నిజంగా జరిగినదే, మేకల కాపరిని ఇన్‌ఫార్మరని ఊరి నడుమ కాల్చే సీను. గుంపులో నిలబడి నోరెత్తకుండా చూడటమే కాశమ్మ వేషం.

“ఆయన పోలీసులకు అమ్ముడుపోయినాడని ఎవడు రాసినాడు? నా మొగుడాయన. దళానికి సద్ది మోసినోడు. ఆయన్నే కాల్చినారు మీ అన్నలు.”

“మరి దళం ఉన్న చోటికి పోలీసులకు దారెలా తెలిసిందమ్మా?” అన్నాడు డైరెక్టర్.

“మేకల గంట ఇని ఎనకాలే పోయినారు. సద్ది మోసే పొద్దు గంట మోగకుండా లోపల గడ్డి దోపి తోలాల. ఆ పొద్దు దోపలేదు. అంతమాత్రానికే మనిషిని చంపుతారా? ఇరవై ఏండ్లకు మల్లా మీరొచ్చి చంపుతారా?”

“అంత ముఖ్యమైన పని ఆయనెలా మరిచిపోయాడు?”

కాశమ్మ గొంతు తగ్గింది.

“దోపేది నేను. ఎవరు మరిచినారని వాళ్ళు అడిగితే ఆయన నా పేరు చెప్పలేదు. నేను ఇట్లనే గుంపులో నిలబడి చూసినా. నోరెత్తలేదు.”