ఆఖరి గుంత దగ్గర

"జెండా కాస్త ఎడమకి ఉందండీ," అంది ఆమె.

"కాస్త అంటే? సరిగ్గా చెప్పి ఏడు."

చెప్పింది. ఆయన కొట్టాడు. బంతి వెళ్ళి ఇసుకలో పడింది. తప్పెవరిది? ఇంకెవరిది, ఆమెదే.

కొండల నడుమ గోల్ఫ్ రిసార్టు అది. సెలవులకని వచ్చిన జనం మంచుకొండలు చూసి మురిసిపోతున్నారు. ఆయన మాత్రం వచ్చిన దగ్గర్నుంచీ వాటివైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. పొద్దున టిఫిను దగ్గర కూడా కొండలకి వీపు పెట్టి కూర్చుని, టీ చల్లారిపోయిందని నలుగురిలో ఆమెను కడిగేశాడు. పక్క టేబుల్ వాళ్ళు ప్లేట్లలోకి తలలు దించుకున్నారు.

బ్యాగు మోయడానికి మనిషినిస్తామన్నారు రిసార్టు వాళ్ళు.

"దండగెందుకు? ఇదుందిగా," అన్నాడు పెళ్ళాన్ని చూపించి.

కాబట్టి ఎత్తుపల్లాల మీద ఆ బ్యాగు లాగేదీ ఆమే. కావలసిన కర్ర చేతికందించేదీ ఆమే, అది బంతి వెనక తిన్నగా ఆనిందో లేదో వంగి చూసేదీ ఆమే. చివరికి తిట్లు తినేదీ ఆమే. పెళ్ళైన కొత్తలో అత్తగారు, "వాడికి ముక్కుమీద కోపం గానీ మనసు మంచిదమ్మా," అని సర్దిచెప్పేది. ముప్ఫై ఏళ్ళుగా ఆ మంచి మనసు కోసం వెతుకుతూనే ఉంది పిచ్చిది.

నిన్న గదిలో బట్టలు మడతపెడుతూ ఎట్టకేలకు నోరు విప్పింది.

"నేను అక్క దగ్గరికి వెళ్ళిపోతానండీ. తన కుట్టు షాపులో పని ఉంది, పైన గది ఖాళీగా ఉంది. మీకు మనిషిని మాట్లాడిపెట్టే వెళ్తాను."

"జీతానికొచ్చేవాళ్ళు నీలా పడుంటారా?" అని నవ్వేశాడు. ఆయన ఊ అనకపోతే పిల్లలు కూడా ఆమెను కదలనివ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆఖరి గుంత దగ్గర ఆయనే ఆ మాట తిరగదోడాడు. బంతి గుంతకి పది అడుగుల దూరంలో ఉంది.

"పందెం. ఇది ఒక్క దెబ్బకి పడిందా, మళ్ళీ అక్క ఊసెత్తకూడదు. చచ్చేదాకా నా దగ్గరే పడుండాలి. పడలేదా, సాయంత్రం బస్సుకే పో, పిల్లలకి నేనే చెప్తాను. నేను ఆడిన మాట తప్పను, నీకు తెలుసు."

తెలుసు. ఆయనలో ఆమెకు దొరికిన మంచి అదొక్కటే. ఆమె కూడా ఎన్నడూ అబద్ధమాడి ఎరగదు. అంత నోరున్న మనిషీ ఆ ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాడు.

ఆమె కర్ర తిన్నగా ఆనించి పక్కకి జరిగింది. పక్కనే గడ్డి కోసే మిషన్ చెవులు చిల్లులు పడేలా రొద పెడుతోంది. ఆయన కొట్టాడు. బంతి నెమ్మదిగా దొర్లింది. పడొద్దు, పడొద్దు అనుకుంటూ ఆమె దాని వెంటే గుంత దాకా వెళ్ళింది.

"పడిందా?" అని అరిచాడాయన, వంచిన తల ఎత్తకుండానే.

ఆమె గుంతలోంచి బంతి తీసి సంచిలో వేసుకుని, వెనక్కి వచ్చి, గాలిలో తడుముకుంటున్న ఆయన చేతికి తెల్లకర్ర అందించి, "లేదండీ, పడలేదు," అంది.