అమలమ్మ సందేహాలు

"మాస్టారూ, ఒక్క సందేహమండీ."

అమలమ్మ మళ్లీ లేచి నిలబడింది.

అమ్మాయిలు వోణీలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అడగండి," అన్నాడు తిరుపతిరావు విసుగ్గా.

"ఆరో వంతు పెద్దదా అండీ, నాలుగో వంతు పెద్దదా?"

గది గొల్లుమంది.

పటమటలో చర్చి పక్కనున్న పొడవాటి గది అది. 1974లో, రోజూ సాయంత్రం ఆరింటికి అక్కడ పదకొండు మంది అమ్మాయిలు చేరేవారు. అందరూ పదో తరగతి పాసై, నర్సు ట్రైనింగు సెలక్షన్ పరీక్షకి కూర్చోబోతున్నవాళ్లు. హైస్కూల్లో లెక్కల మాస్టారైన తిరుపతిరావు వాళ్లకి ఊరికే పాఠం చెప్పేవాడు.

మనిషి మంచివాడే. కాకపోతే తన పాఠం అర్థం కానివాళ్లుంటారంటే నమ్మడు.

అమలమ్మ ఎవరో అతనికి తెలియదు. నెరిసిన జుట్టు, ముతక చీర. వానాకాలంలో ఒకరోజు వచ్చి, "నేనూ ఓ మూల కూర్చుంటానండీ," అంది. ఈ వయసులో లెక్కలేమిటని నవ్వుకుని, సరేనన్నాడు.

రోజుకొక పిల్ల పక్కన కూర్చునేది. ఆ పిల్ల పుస్తకంలోకి చూస్తూ ఉండి, ఉన్నట్టుండి లేచి సందేహం అడిగేది.

ఆ రోజు రూతు పక్కన కూర్చుంది.

రూతు ఉయ్యూరు పిల్ల. పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటోంది. తల్లి శౌరమ్మ చెరకు తోటల్లో కూలి. సీటు రాకపోతే నువ్వూ నాతో తోటకి రావాల్సిందేనని శౌరమ్మ ముందే చెప్పి పంపింది.

తిరుపతిరావు సుద్దముక్క బల్ల మీద పడేశాడు.

"పరీక్ష ఇంకా మూడు వారాలే ఉందమ్మా. మీ సందేహాలతో ఈ పిల్లల బతుకులు పాడవుతాయి. రేపట్నుంచి రాకండి."

అమలమ్మ ఏదో చెప్పబోయి, అమ్మాయిల వైపు చూసి ఆగిపోయింది.

"అట్లాగేనండీ," అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత పాఠం పరుగెత్తింది. దశాంశాలు నాలుగు రోజుల్లో ముగిశాయి.

"అర్థమైందా?"

"అయిందండీ!" అనేవారు అందరూ ఒక్క గొంతుతో.

తిరుపతిరావు పొంగిపోయేవాడు.

పరీక్ష అయింది. జాబితాలో ఇద్దరి పేర్లే వచ్చాయి. రూతు పేరు లేదు.

ఉయ్యూరు వెళ్లిపోతూ, చెప్పి వెళదామని రూతు మాస్టారి ఇంటికి వచ్చింది.

"ఎక్కడ తప్పావమ్మా?"

"నోటి పరీక్షలో మందు కొలతలు రెండిచ్చి ఏది ఎక్కువో చెప్పమన్నారండీ. పాయింట్ నాలుగు, పాయింట్ సున్నా ఐదు. ఐదే ఎక్కువన్నానండీ. 'నీ చేతిలో మనిషి చచ్చిపోతాడమ్మా' అన్నారండీ."

"మరి అర్థమైందన్నావే!"

"అడగాలంటే సిగ్గేసిందండీ. అమలమ్మగారుంటే అడిగేవారు."

"ఆవిడకేం తెలుసని?"

"ఆ సందేహాలు ఆవిడవి కావండీ, మావి. మా పెన్సిలు ఎక్కడ ఆగితే అక్కడ ఆవిడ లేచేవారు. ఆరో వంతు పెద్దదనుకుంది నేనేనండీ. ఆ రోజు అందరితో పాటు నేనూ నవ్వాను."

పదిహేనేళ్ల మాస్టరీలో అంత సిగ్గు తిరుపతిరావు ఎరగడు.

"ఆవిడ ఇల్లు తెలుసా?"

"తెలుసండీ."

"పద. కాళ్లు పట్టుకునైనా పిలుచుకొద్దాం. మీ అమ్మకి నేను చెబుతాను, వచ్చే ఏడు మళ్లీ రాద్దువుగాని."

రెండు వీధుల అవతల చిన్న పెంకుటిల్లు. గుమ్మంలో అమలమ్మ చెల్లెలు సువార్తమ్మ ఎదురైంది.

"అక్క పోయి పన్నెండు రోజులైందండీ. గుండెనొప్పి."

రూతు గోడకి ఆనుకుని ఏడ్చింది.

తిరుపతిరావు గుమ్మం ముందు చేతులు జోడించాడు.

"క్షమించమని అడుగుదామని వచ్చానమ్మా," అన్నాడు. "ఆవిడ ఏమాత్రం చదువుకున్నారో కూడా నేను అడగలేదు."

సువార్తమ్మ అతని వైపు వింతగా చూసింది.

"మీకు చెప్పనే లేదా అండీ? తనెవరో తెలిస్తే పిల్లలు బెదిరిపోతారనేదిలెండి. మద్రాసులో ఇరవయ్యేళ్లు నర్సులకి మందుల లెక్కలు నేర్పిన టీచరమ్మండీ మా అక్క."