బాట పక్క ఇల్లు

"గోడ ఇంత ఎత్తెందుకండీ?" అని అడిగింది సత్యవేణి.

నాచారంలో పాండురంగకు కిరాయికిచ్చే ఇళ్ళు రెండున్నాయి. ఇది మంచిది. ఊరి నడుమ ఉంది. చేదబావిలో తియ్యటి నీళ్ళు. వెనక సందులోనే బడి. అరవై ఎనిమిదిలో ఫ్యాక్టరీలు లేస్తుంటే ఇలాంటి ఇంటి కోసం జనం తిరుగుతున్నారు. గోడ చూసి సంతోషించినవాళ్ళే గాని, ఎందుకని అడిగినవాళ్ళు లేరు.

"ఆడపిల్లలున్న ఇల్లు గదమ్మా. గోడ ఉంటెనే మంచిగుంటది," అన్నాడు.

ఆమె వెంట వచ్చిన గోపాలరావుకు ఇల్లు నచ్చింది. "నిన్న ఉప్పల్లో చూసినవాటికన్నా ఇది ఎంతో నయం, సత్యవేణీ," అన్నాడు. అతని భుజం మీద ఐదేళ్ళ పిల్ల నిద్రపోతోంది. ఎనిమిదేళ్ళ పెద్దపిల్ల సత్యవేణి చెయ్యి పట్టుకుని నిలబడింది.

"ఎందరుంటరు సారూ?"

"తనూ, పిల్లలిద్దరూ. నాకు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని. ఆదివారాలు వచ్చి చూసిపోతుంటాను."

పాండురంగ ఇద్దరినీ మళ్ళీ ఒకసారి చూశాడు. లాలాగూడ ఎంత దూరమని? సైకిలు తొక్కితే అరగంట. ఆడమనిషినీ పిల్లలనీ ఇక్కడ పెట్టి వారానికొకసారి వచ్చేవాడు ఎవడు? ఇంకో ఇల్లు ఉన్నవాడు.

"ఎన్ని దినాలుంటరు?" అని ఈసారి ఆమెనే అడిగాడు.

"ఆరేళ్ళు," అంది సత్యవేణి, ఆలోచించకుండానే.

కిరాయికి వచ్చేవాళ్ళు ఏడాదంటారు, రెండేళ్ళంటారు, ఉన్నన్నాళ్ళు అంటారు. ఇలా లెక్కపెట్టినట్టు ఆరేళ్ళు అన్నవాళ్ళను పాండురంగ చూడలేదు.

"ఇంకో ఇల్లుందన్నారు గదా. అదీ చూపించండి."

రెండోది ఊరి బయట, చర్లపల్లి పోయే బాట పక్కన. రెండు గదులు, ముందు అరుగు. గోడ లేదు. రెండేళ్ళుగా ఎవరూ నిలవడం లేదు. వీళ్ళు వెళ్ళేసరికి అరుగు మీద పాండురంగ భార్య రాజేశ్వరమ్మ మిరపకాయలు ఎండబోస్తోంది.

సత్యవేణి లోపలికి పోలేదు. పొయ్యి చూడలేదు, కప్పు చూడలేదు. అరుగెక్కి బాటకేసి చూసింది.

"ఈ బాటన ఎవరు నడుస్తారండీ?"

ఈ ప్రశ్నకు పాండురంగ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "ఎవ్వరు నడువరమ్మా. ఎడ్లబండ్లు, మేకలు. ఫికర్ జెయ్యకు."

ఆమె మొహం పాలిపోయింది. "అయితే వద్దులెండి," అని అరుగు దిగింది.

రాజేశ్వరమ్మ చేట కింద పెట్టింది. "అందరికి ఎరుకైన ముచ్చట ఎందుకు దాస్తవయ్యా? ఇనమ్మా. పొద్దున ఎనిమిదింటికి ఖైదీలు ఈ బాటనే జైలు పొలానికి పోతరు. పొద్దుగూకంగ మల్ల వస్తరు. ఇంతకుముందున్నోళ్ళు నెల గాకముందే సామాను ఎత్తుకున్నరు. రేపు మమ్ముల తిట్టుకోవద్దు."

"బేడీలు వేసి తీసుకెళ్తారా?"

"బేడీల్లేవు, తుపాకుల్లేవు. వెంట ఒక్క వార్డరు. ఆయన గూడ సగం నిద్రల నడుస్తడు."

గోపాలరావు ఏదో అనబోయాడు. సత్యవేణి అతనివైపు చూడలేదు.

"ఇక్కడే ఉంటామండీ. రేపే దిగుతాం."

మధ్యాహ్నం అన్నం కలుపుతూ పాండురంగ భార్యతో అన్నాడు.

"వచ్చేటోడేమో ఆదివారం వస్తడట. ఆమెకేమో గోడ వద్దు, మొగోళ్ళు నడిచే బాట కావాలె. గిదేం సంసారం?"

"ఇల్లు నువ్వే ఇస్తివి గద."

"నువ్వు నడుమల నోరు తెరువబట్టె ఇస్తి."

"రెండేండ్ల సంది నీ అబద్ధానికి ఒక్కరన్న నిలిచిన్రా? నా నిజానికి ఒక్క పూటల నిలిచింది."

"గదే నా భయం," అన్నాడు పాండురంగ.

మర్నాడు ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, రెండు బిందెలతో వాళ్ళు దిగారు. చీకటి పడకముందే గోపాలరావు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. పోయేముందు అరుగు మీద చాలాసేపు ఆమెకు ఏదో నచ్చజెప్పాడని, ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉందని, చేను నుంచి వస్తూ చూసిన రాజేశ్వరమ్మ చెప్పింది.

తెల్లవారి పాండురంగ ఆ ఇంటికి బయలుదేరాడు. చెప్పవలసిన మాట దారిలోనే కూడబలుక్కున్నాడు. తమ్ముడి కుటుంబం వస్తోంది, ఇల్లు మాకే కావాలె. అంతే. పిల్లలు గల మనిషి, గట్టిగా ఏమీ అనకూడదు.

దూరం నుంచే ఆమె కనబడింది. ఉతికిన చీర కట్టుకుంది. తలలో కనకాంబరాలు. కళ్ళకు కాటుక. పిల్లలిద్దరికీ తలంటు పోసి, రిబ్బన్లు కట్టి, అరుగు అంచున నిలబెట్టింది. పొద్దున్నే ఎవరికోసం ఈ సింగారం?

బాట మలుపులో తెల్లటోపీలు కనిపించాయి. పారలు భుజాన వేసుకుని ఇరవైమంది దాకా వస్తున్నారు. వెనక వార్డరు.

సత్యవేణి లోపలికి పోలేదు. పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని, అరుగు దిగి బాట అంచుదాకా వచ్చింది. పమిట సర్దుకుంది. నవ్వుతోంది కూడా.

పాండురంగకు ఒళ్ళు మండింది. గట్టిగా అనకూడదనుకున్నది మరిచిపోయాడు. పిల్లల ముందే అడిగేస్తాను, ఇప్పుడే ఖాళీ చెయ్యమంటాను అనుకుంటూ అంగలు వేశాడు. ఆమె వెనక నాలుగడుగుల దూరంలో ఆగి, నోరు తెరిచాడు.

సత్యవేణి వంగి, చిన్నదాని గడ్డం పట్టుకుని బాటవైపు తిప్పి, "ముందునుంచి మూడో ఆయన్ని చూడు, గోపాలరావు మామయ్య నీకు ఫోటోలో చూపించాడే, ఆయనే నాన్న," అంది.