అరుపుకు ముందు రెండు సెకన్లు

ఆ రోజుల్లో ప్రతి ఇంటి గోడకూ సౌండ్ మీటరు ఉండాలన్నది చట్టం. బిగించిన నాడు, ఏం రికార్డు చెయ్యమంటావని మీటరువాళ్లు అడిగితే గవరయ్య, "అరుపులే సెయ్యండి. ఇంట్లో ఆడదాని కబుర్లు ఎవుడికి కావాల?" అన్నాడు. పదేళ్లూ ఆ సెట్టింగే ఉండిపోయింది.

భార్య పైడమ్మ పోయిన నెలకు, మీటర్లు తనిఖీ చేసే రమణి వచ్చింది.

"మా దాని గొంతు ఇనిపించమ్మా. తిట్టినా పరవాలేదు. రోజూ నాతో తగువే కదా."

రమణి ఒక్కొక్కటే వినిపించింది. అన్నీ గవరయ్య అరుపులే. పైడమ్మ ఒక్కనాడూ గొంతెత్తలేదు.

"దానిదొకటీ లేదా?"

"ఉండు తాతా. అరుపుకి ముందు రెండు సెకన్లు కూడా ఇది దాస్తాది. అదీ పెడతాను."

"అంబలి సల్లారిపోతంది మావా, లెగు..." అంది పైడమ్మ మెల్లగా. ఆ మాట మీదే గవరయ్య విరుచుకుపడ్డాడు. రమణి ఇంకొకటి పెట్టింది. "జొరం తగ్గిందేటి..." అంది పైడమ్మ. మళ్లీ అతడి అరుపే.

గవరయ్య గోడకు చెయ్యి ఆన్చి నిలబడ్డాడు.

"ఆ రెండు సెకన్లూ పది సెయ్యమ్మా."

"సేత్తాను. కానీ ఇకమీదటి వాటికే తాతా. పాతవి అంతే."

గవరయ్య, ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినని మెత్తని గొంతుతో అడిగాడు.

"అయితే మళ్లీ పెట్టు. నేనరిసేలోగా ఆపెయ్యమ్మా."