ఎడమ మోకాలు

ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు, ఫైనల్ మొదలవడానికి అరగంట ముందు, మేడ్చల్ ఫుట్‌బాల్ జట్టు మేనేజర్ బాలరాజు టీవీ స్టూడియోలో ఉన్న ఖాలిక్‌కు ఫోన్ చేశాడు. పోయిన ఏడాది దాకా ఆ జట్టుకు మేనేజర్ ఖాలికే. తీసేశాక టీవీలో విశ్లేషకుడయ్యాడు. అతని కింద పనిచేసిన బాలరాజు ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"ఖాలిక్ భాయ్, మన స్ట్రైకర్ సన్నీ ఎడమ మోకాలు బాగలేదు. బ్యాండేజ్ కడితే ఎదురు జట్టోళ్ళకు కనబడ్తదని ఉత్త కాలుతోనే దింపుతున్న. నీ కాళ్ళు మొక్కుత, టీవీల అనకు."

"నేనెందుకు అంట?"

"నీ సంగతి నాకెరికె గద భాయ్, నీ నోట్లె మాట ఆగదు. శామీర్‌పేటోళ్ళు బెంచీ మీద ఫోన్ల నీ ప్రోగ్రామే పెట్టుకుంటరు. వాళ్ళ డిఫెండర్లకు దిమాక్ లేదు. తెలిసిందంటే గా కాలే తొక్కుతరు. వచ్చే వారం పోరనికి ఆటల కోటాల నౌకరీ సెలక్షన్ ఉంది. ఇయ్యాల ఓడితే నన్ను గూడ పంపిస్తరు."

"ఖుదా కసం, నోరు తెరువ."

సగం ఆట అయ్యేసరికి శామీర్‌పేట ఒక గోల్ ముందుంది. స్టూడియోలో ఖాలిక్ పచ్చిక గురించి, గాలి గురించి, గోల్‌కీపర్ గురించి మాట్లాడాడు. యాంకర్ మాధవీలత కాగితాలు పక్కన పెట్టింది.

"ఇవన్నీ మాకూ కనిపిస్తున్నాయి సార్. లోపలి మాట ఏమైనా ఉందా? లేక మిమ్మల్ని తీసేశాక జట్టులో ఎవరూ మీ ఫోన్ ఎత్తట్లేదా?"

కెమెరాల వెనక ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఎత్తకపోవుడేంది మేడమ్? వాళ్ళే నాకు జేస్తరు," అన్నాడు ఖాలిక్. "సన్నీ ఎడమ మోకాలు ఖరాబైంది. దాచిపెట్టి ఆడిస్తున్నరు. ఈ సంగతి ఇంకే చానల్‌కు తెల్వది."

మాధవీలత ఆ మాటను మళ్ళీ ఒకసారి చెప్పించింది.

రెండో సగం మొదలైన కాసేపటికి శామీర్‌పేట డిఫెండర్ ఒకడు వెనక నుంచి వచ్చి సన్నీ ఎడమ మోకాలిని తొక్కాడు. రెఫరీ ఎర్ర కార్డు చూపించి వాణ్ని బయటికి పంపాడు. సన్నీ కుంటుతూ బెంచీ వైపు చూశాడు. ఆడమన్నట్టు బాలరాజు చెయ్యి ఊపాడు. తర్వాత గోల్ ముందు ఇంకొకడు అదే మోకాలిని తన్నాడు. మళ్ళీ ఎర్ర కార్డు, మేడ్చల్‌కు పెనాల్టీ. సన్నీని స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. తొమ్మిది మందితో మిగిలిన శామీర్‌పేట మీద మేడ్చల్ మూడు గోల్స్ కొట్టి కప్పు గెలిచింది.

ఖాలిక్ ప్రోగ్రాం మధ్యలో మైకు తీసేసి ఆసుపత్రికి వచ్చాడు. వరండాలో అతన్ని చూసి సన్నీ తల్లి యాదవ్వ చెప్పు తీసింది.

"నా కొడుకు కాలు నీకు టీవీల ముచ్చట అయిందారా? నీ నోరు పడిపోను!"

బాలరాజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతని మెడలో కప్పు గెలిచిన పతకం అలాగే ఉంది.

"జర ఊకో అక్కా. భాయ్ కావాలని అనలే."

ఖాలిక్ గోడకు ఆనుకున్నాడు. "నన్ను మాఫ్ చెయ్ బాలరాజూ. నోట్లె నుంచి ఎల్లిపోయింది."

"నాకు తెల్సు భాయ్," అన్నాడు బాలరాజు.

డాక్టర్ స్కాన్ పట్టుకుని బయటికి వచ్చాడు. మోకాలి లిగమెంట్లు తెగిపోయాయని, ఇక ఆట లేదని చెప్పాడు. యాదవ్వ కొడుకున్న గదిలోకి పరుగెత్తింది.

"పాత దెబ్బ మీదనే మళ్ళ తగిలింది గద డాక్టర్ సాబ్, అందుకేనా?" అని అడిగాడు ఖాలిక్.

డాక్టర్ స్కాన్‌ను వెలుతురుకు ఎత్తి ఇంకోసారి చూశాడు.

"పాత దెబ్బా? ఈ మోకాలికి ఇవాళ్టి దాకా ఏమీ కాలేదు."